ఈదురుగాలికి పైకప్పు లేచిపోయిందా? క్లెయిమ్ ఫారంలో ఈ మాటలకు అర్థం తెలియకపోతే నష్టపోయేది మీరే.. మేడ్చల్, శామీర్‌పేట్ వాసులకు పూర్తి వివరాలు

ఏప్రిల్, మే నెలలొస్తే చాలు.. మేడ్చల్, శామీర్‌పేట్ వైపు రేకుల ఇళ్లలో ఉండేవాళ్ల చూపు సాయంత్రం అయ్యేసరికి ఆకాశం మీదే ఉంటుంది. పగలంతా మాడ్చేసే ఎండ, ఉన్నట్టుండి కమ్ముకొచ్చే మబ్బు, ఆ వెంటనే దుమ్ము లేపుతూ ఈదురుగాలి. పది, పదిహేను నిమిషాల్లో అంతా అయిపోతుంది. కానీ ఆ కాసేపట్లోనే టెర్రస్ మీది రేకుల షెడ్డు పక్కింటి కాంపౌండ్‌లో పడుతుంది, కోళ్ల ఫారం కప్పు సగం లేచిపోతుంది, గోడౌన్‌లో పెట్టిన సరుకు తడిసి ముద్దవుతుంది.

2024 మే 26, ఆదివారం సాయంత్రం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్క రోజు గాలివానకు రాష్ట్రంలో పది మందికి పైగా చనిపోయారు. శామీర్‌పేట్-కీసర రూట్‌లో బైక్‌పై వెళ్తున్న ఇద్దరి మీద చెట్టు కూలింది. నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతున్న కోళ్ల షెడ్డు గోడ పడి నలుగురి ప్రాణాలు పోయాయి. అంతకు ముందే, మే 7న బాచుపల్లిలో భారీ వర్షానికి రిటైనింగ్ వాల్ కూలి ఏడుగురు కూలీలు మృతి చెందారు. ప్రాణనష్టం వార్తల్లోకి వచ్చింది. ఎగిరిపోయిన కప్పుల లెక్క మాత్రం ఎవరింట్లో వాళ్లకే తెలుసు.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు కూడా ఇక్కడే ఇబ్బంది పడుతుంటారు. పాలసీ ఉంటుంది, ప్రీమియం కట్టి ఉంటారు, నష్టం కళ్లముందే కనిపిస్తుంటుంది. కానీ చేతికి సగం డబ్బే వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. ఎందుకని అడిగితే లెటర్‌లో 'ప్రాక్సిమేట్ కాజ్', 'అండర్ ఇన్సూరెన్స్', 'సాల్వేజ్' లాంటి మాటలు కనిపిస్తాయి. ఇంతకీ వాటి అర్థం ఏంటి? ఏ మాట దగ్గర ఎంత కోత పడుతుంది?

ముందు ఇది తేల్చుకోండి.. మీ దగ్గరున్నది ఏ పాలసీ?

'మాకు ఇంటికి ఇన్సూరెన్స్ ఉంది' అని చెప్పేవాళ్లలో కొందరి దగ్గర నిజానికి ఉండేది హోమ్ లోన్ ప్రొటెక్షన్ పాలసీ. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకులోనే సంతకం పెట్టించుకుని ఉంటారు. అది లోన్ తీసుకున్న వ్యక్తికి ఏమైనా అయితే బాకీ తీర్చడానికి పనికొస్తుంది. పైకప్పు ఎగిరిపోతే దాని నుంచి రూపాయి కూడా రాదు. ఇంటి గోడలకు, కప్పుకు బీమా కావాలంటే అది వేరే పాలసీ. లోన్ పేపర్ల ఫైల్ తీసి, పాలసీ పేరు ఒకసారి చదివితే విషయం తెలిసిపోతుంది.

ఇంటికైతే ఇప్పుడు స్టాండర్డ్‌గా ఉన్నది 'భారత్ గృహ రక్ష'. 2021 ఏప్రిల్ 1 నుంచి ఈ పాలసీని ఇవ్వాల్సిందేనని ఐఆర్‌డీఏఐ సాధారణ బీమా కంపెనీలకు రూల్ పెట్టింది. కంపెనీ మారినా పాలసీలోని ప్రధాన నిబంధనలు ఒకటే. షాపు, వర్క్‌షాపు, చిన్న గోడౌన్, చిన్న ఫ్యాక్టరీ అయితే 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష'. ఒకే చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయల వరకు ఉంటే ఇది వర్తిస్తుంది. 5 కోట్లు దాటి 50 కోట్ల వరకు అయితే 'భారత్ లఘు ఉద్యమ్ సురక్ష'. ఇంట్లోనే కింద కార్ఖానా, పైన కాపురం ఉన్నవాళ్లు ఏజెంట్‌ను ఈ విషయం గట్టిగా అడగాలి. ఇల్లు అని చెప్పి పాలసీ తీసుకుని అందులో వ్యాపారం చేస్తే క్లెయిమ్ టైంలో అదే పెద్ద తలనొప్పి అవుతుంది.

కోళ్ల ఫారాల వాళ్లకు ఇంకో మాట. కోళ్లకు తీసుకున్న పాలసీ కోళ్లకే. షెడ్డుకు విడిగా ఫైర్ పాలసీ ఉండాలి.

'కచ్చా' అని టిక్ పెట్టారా?

ప్రపోజల్ ఫారంలో నిర్మాణం ఏ రకం అని అడుగుతారు. మన మాటల్లో స్లాబ్ లేని ఇల్లంతా కచ్చా ఇల్లే. బీమా లెక్క వేరు. తాటాకు, గడ్డి, వెదురు, చెక్క పలకలు, ప్లాస్టిక్ గుడ్డ, టార్పాలిన్ లాంటివి గోడలకో కప్పుకో వాడితే అది కచ్చా. సిమెంట్ రేకు, ఇనుప రేకు ఆ లిస్టులో లేవు. అంటే ఇటుక గోడల మీద రేకులు వేసిన ఇంటిని కచ్చా అని రాస్తే తప్పు రాసినట్టే. అలాగని ఉన్న రేకుల కప్పును 'ఆర్‌సీసీ స్లాబ్' అని రాయించడం అంతకంటే పెద్ద తప్పు. సర్వేయర్ వచ్చి పైకి చూడగానే విషయం బయటపడుతుంది.

గాలివాన అంటే పాలసీలో ఏం రాసి ఉంటుంది?

పాత ఫైర్ పాలసీల్లో దీన్ని 'ఎస్‌టీఎఫ్‌ఐ' అనేవారు. స్టార్మ్, టెంపెస్ట్, ఫ్లడ్, ఇనండేషన్.. ఈ నాలుగు పదాల మొదటి అక్షరాలు. తుఫాను, పెనుగాలి, వరద, ముంపు అన్నమాట. ప్రీమియం తగ్గించుకోవడానికి ఈ కవర్‌ను తీసేయించుకునే వీలు ఆ పాలసీల్లో ఉండేది. కొందరు వ్యాపారులు అలా తీసేయించుకున్నారు కూడా. భారత్ గృహ రక్షలో ఇది పాలసీలోనే భాగం. గాలి గంటకు ఇన్ని కిలోమీటర్లు దాటాలి అనే అంకె ఆ పాలసీలో ఎక్కడా లేదు. అయినా ఆ రోజు మీ ప్రాంతంలో గాలివాన వచ్చిందని చూపించాల్సి వస్తుంది. వాతావరణ శాఖ బులెటిన్, రాష్ట్ర ప్రణాళికా సొసైటీ మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ల రిపోర్టు, మర్నాటి పేపర్ కటింగ్.. ఏది దొరికితే అది దాచిపెట్టుకోవడం మంచిది.

చెట్టు విరిగి కప్పు మీద పడితే? పక్కింటి రేకు ఎగిరొచ్చి మీ సోలార్ ప్యానెల్‌ను పగలగొడితే? ఇవి 'ఇంపాక్ట్ డ్యామేజ్' కిందకు వస్తాయి. అంటే బయటి వస్తువు తగలడం వల్ల జరిగిన నష్టం. ఇదీ పాలసీలో ఉంది. అదే రేకు మీ కారు మీద పడితే మాత్రం ఇంటి పాలసీ కాదు, కారు పాలసీ చూడాలి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే అందులోనూ రాదు.

అసలు గొడవంతా ఇక్కడే.. 'ప్రాక్సిమేట్ కాజ్'

నష్టానికి అసలు కారణం ఏది అన్నదే ప్రాక్సిమేట్ కాజ్. వినడానికి చిన్న మాట. తేడా వచ్చేదంతా ఇక్కడే.

ఉదాహరణకు రెండు ఇళ్లు అనుకుందాం. మొదటి ఇంట్లో గాలికి రెండు రేకులు లేచిపోయాయి. ఆ సందులోంచి వాన నీళ్లు పడి టీవీ, బీరువా, మంచం పాడయ్యాయి. ఇక్కడ అసలు కారణం గాలివాన. కప్పుతో పాటు, సామాన్లకు కవర్ ఉంటే వాటికీ క్లెయిమ్ వస్తుంది. రెండో ఇంట్లో స్లాబ్‌కు ఎప్పటి నుంచో పగుళ్లున్నాయి. అదే రోజు కురిసిన వానకు నీళ్లు కారి అవే సామాన్లు తడిశాయి. ఇక్కడ గాలివాన కప్పును దెబ్బతీయలేదు, పగుళ్లు పాతవి. 'సీపేజ్', 'వేర్ అండ్ టేర్' అని రాసి క్లెయిమ్ పక్కన పెట్టేస్తారు. వాన ఒకటే, తడిసిన సామాన్లు ఒకటే. ఒకరికి వస్తుంది, ఇంకొకరికి రాదు.

అందుకే క్లెయిమ్ ఫారంలో 'వర్షానికి ఇల్లు కారింది' అని ఒక్క ముక్కలో రాసేసి రావద్దు. జరిగింది జరిగినట్టు వరుసగా రాయాలి. ఏ తేదీ, ఎన్ని గంటలకు గాలి వచ్చింది, ఏ వైపు రేకులు లేచాయి, ఆ తర్వాత నీళ్లు ఎక్కడి నుంచి పడ్డాయి. లేనిది కల్పించి రాయమని కాదు. ఉన్నదాన్ని సగమే రాస్తే ఆ సగమే రికార్డులో మిగులుతుంది.

సర్వేయర్ కూడా పైకెక్కి చూసేది దీని కోసమే. జే-బోల్ట్ దగ్గర రేకు చిరిగి ఉంటే గాలి లాగేసిందని అర్థమవుతుంది. పగులు అంచుల్లో నాచు, మసి పేరుకుని ఉంటే అది పాతదని తెలిసిపోతుంది. పర్లిన్లు తుప్పు పట్టి సన్నబడిపోయి ఉంటే 'మెయింటెనెన్స్ లేదు' అన్న మాట రిపోర్టులోకి ఎక్కే ఛాన్స్ ఉంది. ఎండలు ముదరకముందే బోల్టులు బిగించి, ఆ బిల్లు, నాలుగు ఫొటోలు ఫోన్‌లో పెట్టుకున్నవాళ్లకు ఈ దగ్గర వాదించడానికి ఏదో ఒక ఆధారం ఉంటుంది.

వీడియో ఎలా తీయాలి?

ఫోన్‌తో అందరూ వీడియో తీస్తారు. కానీ చాలా వీడియోల్లో పగిలిన రేకు ఒక్కటే క్లోజప్‌లో కనిపిస్తుంది, అది ఏ ఇంటిదో తెలియదు. ముందు రోడ్డు మీద నుంచి ఇంటి నంబర్, గేటు కనిపించేలా మొదలుపెట్టి, కట్ చేయకుండా పైదాకా వెళ్లాలి. బోల్టు రంధ్రాలు, వంగిన పైపులు, ఎగిరి పడిన రేకు ఎంత దూరంలో ఉందో, లోపల నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూపించాలి. ఎడిటింగ్, మ్యూజిక్ ఏమీ వద్దు. ఒరిజినల్ ఫైల్ ఫోన్‌లో ఉంచుకోవాలి. వాట్సాప్‌లో పంపినదాంట్లో క్వాలిటీ తగ్గడంతో పాటు తేదీ వివరాలు కూడా పోయే అవకాశం ఉంది.

సర్వేయర్ వచ్చేదాకా ఇంట్లో వాన పడుతూ ఉండాలా? అక్కర్లేదు. నష్టం పెరగకుండా చూసుకోవడం పాలసీదారుడి బాధ్యతే. టార్పాలిన్ కప్పుకోవచ్చు, సామాన్లు జరుపుకోవచ్చు. ఆ బిల్లులు దాచుకోండి. పూర్తిగా కొత్త కప్పు వేయించడం మాత్రం సర్వే అయ్యాకే. ఇంకో ముఖ్యమైన విషయం.. పగిలిన రేకులను స్క్రాప్ వాళ్లకు ఇచ్చేయకండి. దీని సంగతి కింద 'సాల్వేజ్' దగ్గర ఉంది.

ఇంటిమేషన్, క్లెయిమ్ ఫారం.. రెండూ ఒకటి కాదు

నష్టం జరిగిందని కంపెనీకి చెప్పడం 'ఇంటిమేషన్'. ఫోన్, యాప్, మెయిల్.. ఎలా చెప్పినా వెంటనే చెప్పాలి, రిఫరెన్స్ నంబర్ తీసుకోవాలి. ఏజెంట్‌కు చెప్పేశాం కదా అని ఊరుకుంటే కుదరదు. ఆ తర్వాత నింపి ఇచ్చేది క్లెయిమ్ ఫారం. భారత్ గృహ రక్షలో దీనికి గడువు 30 రోజులు, నష్టాన్ని మొదట గమనించిన రోజు నుంచి లెక్క.

డాక్యుమెంట్లు లేవనే ఒక్క కారణంతో క్లెయిమ్‌ను తిరస్కరించకూడదని ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో చెప్పింది. క్లెయిమ్‌కు నేరుగా సంబంధం ఉన్న పేపర్లే అడగాలని కూడా అందులో ఉంది. కౌంటర్‌లో 'ఇంకో పేపర్ తెండి' అని పదిసార్లు తిప్పితే ఈ మాట గుర్తుచేయొచ్చు.

సర్వేయర్, ఎస్టిమేట్, అసెస్డ్ లాస్

సర్వేయర్ అంటే నష్టం ఎంతో లెక్కగట్టడానికి లైసెన్స్ ఉన్న వ్యక్తి. కంపెనీ పంపిస్తుంది, ఫీజు కూడా కంపెనీదే. మీరు ఇవ్వాల్సింది ఏమీ లేదు. షెడ్డు మేస్త్రీ రాసిచ్చేది 'ఎస్టిమేట్'. సర్వేయర్ తేల్చేది 'అసెస్డ్ లాస్'. ఈ రెండు అంకెలకు మధ్య తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే సర్వే రిపోర్ట్ కాపీ అడగాలి. అడగొచ్చు, తప్పేం లేదు. ఎస్టిమేట్‌లో 'రూఫ్ వర్క్ – లంప్‌సమ్' అని ఒక్క లైన్ ఉంటే కోత పెట్టడం తేలిక. రేకులెన్ని, ఏ సైజు, ఏ మందం, బోల్టులు, పైపులు, కూలీ.. విడివిడిగా రాయించాలి.

ఆయన లెటర్‌లో 'వితవుట్ ప్రెజుడిస్' అని కనిపిస్తే కంగారు పడొద్దు. సర్వే చేసినంత మాత్రాన క్లెయిమ్ ఒప్పుకున్నట్టు కాదని దాని అర్థం, అంతే.

ఎక్కడెక్కడ కోత పడుతుంది?

'డిప్రిసియేషన్' అంటే వాడకం వల్ల తగ్గిన విలువ. పదేళ్ల నాటి రేకుకు కొత్త రేకు ధర ఇవ్వకుండా అరుగుదల తీసేసి ఇస్తే అది 'మార్కెట్ వాల్యూ' పద్ధతి. కొత్తదానికి అయ్యే ఖర్చు ఇస్తే 'రీఇన్‌స్టేట్‌మెంట్ వాల్యూ'. గోడౌన్లు, షెడ్లకు రీఇన్‌స్టేట్‌మెంట్ క్లాజ్ ఉన్న పాలసీల్లో ఒక మెలిక ఉంది. ముందు కప్పు వేయించి బిల్లులు చూపిస్తేనే కొత్త ధర. మామూలుగా 12 నెలల్లో పని పూర్తి చేయాలి. వేయించకుండా డబ్బు మాత్రం ఇవ్వమంటే అరుగుదల తీసేసే ఇస్తారు.

'సాల్వేజ్' అంటే పాడైన సామాన్లకు మిగిలిన విలువ. ఇనుప రేకు వంగినా కిలోల లెక్కన స్క్రాప్‌కు పోతుంది కదా, ఆ మొత్తాన్ని క్లెయిమ్‌లోంచి తగ్గిస్తారు. సర్వేయర్ రాకముందే అమ్మేస్తే ఎన్ని రేకులు పాడయ్యాయో చూపించడానికి ఏమీ మిగలదు. సిమెంట్ రేకులకు సాల్వేజ్ పెద్దగా ఉండదు. కానీ వాటిలో చాలావరకు ఆస్‌బెస్టాస్‌వే. పగిలిన ముక్కలను పొడి చేయకుండా, తడిపి, మాస్క్ పెట్టుకుని తీయాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

'ఎక్సెస్', 'డిడక్టబుల్'.. పేర్లు రెండు, విషయం ఒకటే. క్లెయిమ్‌లో మొదటి ఇంత మొత్తం మీరే భరించాలి అని. పాలసీ షెడ్యూల్ పేజీలో ఉంటుంది, చూసుకోండి.

అన్నింటికన్నా గట్టిగా దెబ్బకొట్టేది 'అండర్ ఇన్సూరెన్స్'. ఉన్న విలువ కంటే తక్కువకు బీమా చేయించడం. ప్రీమియం తగ్గుతుందని చాలామంది చేసే పనే. లెక్క ఎలా ఉంటుందంటే.. శామీర్‌పేట్ దగ్గర ఒక చిన్న గోడౌన్ అసలు విలువ 20 లక్షలు, బీమా చేయించింది 12 లక్షలకే అనుకుందాం. అంటే 60 శాతమే. గాలివానకు 3 లక్షల నష్టం జరిగింది. స్క్రాప్ విలువ 20 వేలు పోతే 2 లక్షల 80 వేలు. అందులో 60 శాతం అంటే 1 లక్షా 68 వేలు. ఎక్సెస్ 10 వేలు అనుకుంటే చేతికొచ్చేది 1 లక్షా 58 వేలు. 'నాకు 12 లక్షల పాలసీ ఉంది, నష్టం 3 లక్షలే కదా' అన్న వాదన ఇక్కడ నిలబడదు. ఈ కోతనే లెటర్లలో 'యావరేజ్ క్లాజ్' అని రాస్తారు.

సూక్ష్మ, లఘు ఉద్యమ్ పాలసీల్లో 15 శాతం వరకు తేడా ఉంటే పట్టించుకోరు. ఇంటి పాలసీకి ఇంకా మంచి వార్త. భారత్ గృహ రక్షలో అండర్ ఇన్సూరెన్స్ కోత అసలు లేదు. అయినా మీకు వచ్చేది ఎంత మొత్తానికి బీమా చేశారో అక్కడి వరకే.

టెర్రస్ మీద తర్వాత వేసిన షెడ్డు సంగతి?

మేడ్చల్ కాలనీల్లో ఏ వీధి చూసినా పైన ఒక రేకుల గది కనిపిస్తుంది. పాలసీ తీసుకున్న తర్వాత కట్టిన భాగం వల్ల కార్పెట్ ఏరియా 10 శాతం కంటే ఎక్కువ పెరిగితే, కంపెనీకి చెప్పి అదనపు ప్రీమియం కట్టి 'ఎండార్స్‌మెంట్' చేయించుకోవాలి. లేకపోతే ఆ భాగానికి కవర్ ఉండదు. గాలికి ముందుగా ఎగిరేది అదే గది. ఎండార్స్‌మెంట్ అంటే ఉన్న పాలసీకి జోడించే సవరణ కాగితం.

ఇదే పాలసీలో చాలామంది అడగని రెండు డబ్బులున్నాయి. శిథిలాలు తీయించిన ఖర్చు క్లెయిమ్ మొత్తంలో 2 శాతం వరకు, ఇంజనీర్, ఆర్కిటెక్ట్ ఫీజులు 5 శాతం వరకు. బిల్లు పెడితేనే వస్తాయి.

యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూస్తున్నారా?

'రూఫ్ క్లెయిమ్' అని వెతికితే ముందుగా వచ్చేవి అక్కడి వీడియోలే. డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు వడగళ్ల వాన తర్వాత కప్పు మార్పించుకోవడం మామూలు విషయం. అక్కడ వినిపించే 'ఏసీవీ' అంటే అరుగుదల తీసేసిన విలువ, 'ఆర్‌సీవీ' అంటే కొత్తది వేయడానికయ్యే ఖర్చు. ముందు ఏసీవీ ఇచ్చి, పని అయ్యాక మిగతాది ఇస్తారు. వరకూ బాగానే ఉంది, మన రీఇన్‌స్టేట్‌మెంట్‌కు దగ్గరగానే ఉంటుంది. కానీ డిడక్టబుల్ లెక్క వేరు. టెక్సాస్‌లో గాలి, వడగళ్లకు అది ఇంటి బీమా మొత్తంలో 1 లేదా 2 శాతంగా ఉండటం మామూలు. ఇక్కడ ఫైర్ పాలసీల్లో శాతం ఉంటే అది క్లెయిమ్ మొత్తం మీద. ఆ వీడియోలు చూసి ఇక్కడి ఫారం నింపితే చిక్కే.

ప్రభుత్వం ఇచ్చే సాయం వేరు

తహసీల్దార్ ఆఫీసు నుంచి వచ్చి పంచనామా చేసేది విపత్తు సాయం కోసం. కేంద్రం 2022-26కు పెట్టిన విపత్తు నిధి నిబంధనల్లో, కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000, గుడిసెకు 8,000గా ఉంది. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1 లక్షా 20 వేలు. పది రేకులు మార్చడానికి, కూలీకి, రవాణాకు అయ్యే ఖర్చు ముందు 6,500 ఏ మూలకో ఎవరికైనా తెలుసు. అయితే ఆ పంచనామా కాపీ బీమా క్లెయిమ్‌కు మంచి ఆధారం. అందుకైనా చేయించుకోవాలి.

డబ్బు తక్కువ వచ్చినా, రాకపోయినా..

చివర్లో సంతకం పెట్టమని ఇచ్చేది 'డిశ్చార్జ్ వోచర్'. 'ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్' అని ఉంటుంది. దాని మీద సంతకం చేసినంత మాత్రాన ఇంకా ఎక్కువ అడిగే హక్కు పోదని ఐఆర్‌డీఏఐ 2015లోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. అయినా 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి సంతకం పెడితే, ఆ రోజే అదే మాట మెయిల్ చేస్తే, తర్వాత వాదన సులువు.

క్లెయిమ్ తిరస్కరించడాన్ని 'రిపుడియేషన్' అంటారు. ఏ క్లాజ్ ప్రకారం అన్నది రాతపూర్వకంగా ఇవ్వమనాలి. ముందుగా కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కు రాయాలి. ఐఆర్‌డీఏఐ 'బీమా భరోసా' పోర్టల్‌లో లేదా 155255కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఇళ్లవాళ్లతో పాటు సొంత పేరుతో వ్యాపారం చేసేవాళ్లు, సూక్ష్మ సంస్థలు కూడా వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. 50 లక్షల రూపాయల వరకు తీర్పు ఇచ్చే అధికారం ఉంది. కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి, అదే విషయం మీద అప్పటికే కోర్టులోనో, వినియోగదారుల కమిషన్‌లోనో కేసు ఉండకూడదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు ఈ ఆఫీసు హైదరాబాద్‌లోనే, లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. వెళ్లేటప్పుడు పాలసీ, ఇంటిమేషన్ రిఫరెన్స్ నంబర్, సర్వే రిపోర్ట్ కాపీ, కంపెనీ ఇచ్చిన లెటర్, మీరు గ్రీవెన్స్ సెల్‌కు రాసిన మెయిల్ ప్రింట్.. ఈ ఐదూ ఫైల్‌లో ఉండేలా చూసుకోండి.